క్షేమం ఇంట్లో లేదు

మా అమ్మాయికి పదహారేళ్ళు నిండిన ఏడాది, స్కూల్ బ్యాండ్‌తో కలిసి బస్సులో దేశం ఈ చివరినుంచి ఆ చివరికి ప్రయాణం పెట్టుకుంది. పెట్టుకుంది అనటం న్యాయం కాదేమో, పెట్టింది ఆ బ్యాండ్ మాస్టారు. కాని ఇంట్లో నాకెదురుగా నిలబడి వాదించింది అదే కనక నా కోపమంతా దానిమీదే.

ఎనభైల మొదట్లో సంగతి. మేమప్పుడు ఆరిజోనాలో చాండ్లర్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇప్పుడక్కడ తెలుగు వినిపించని వీధి లేదంటారు. అప్పట్లో ఊరి చుట్టూ పత్తిచేలు, పాలడెయిరీలు. తెలుగు మాట్లాడే మనిషి కావాలంటే కారెక్కి ఫీనిక్స్ దాకా పోవాలి. మావారు కంప్యూటర్ చిప్స్ తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను ఇంటిపట్టున ఉండి, అమ్మాయిని స్కూల్లో దింపి తెచ్చుకుంటూ, అది ఇంగ్లీషులో అడిగినదానికల్లా తెలుగులో జవాబు చెబుతూ ఉండేదాన్ని. ఒక్కగానొక్క పిల్ల. మూడేళ్ళ వయసులో ఈ దేశానికి తెచ్చాం.

దానికి వీణో వయొలినో నేర్పించాలని నా సరదా. అది ట్రాంబోన్ పట్టుకుంది. ట్రాంబోన్ అంటే పొడుగాటి ఇత్తడి బాకా. దాన్ని ముందుకూ వెనక్కూ లాగుతూ ఊదుతుంటే పక్కింటి కుక్క శ్రుతి కలిపేది. ఆ వసంతంలో మా దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చిన మా అత్తగారు మాత్రం మనవరాలు ఊదినంతసేపూ ఎదురుగా కుర్చీలో కూచుని తల ఊపేవారు. "కచేరీలో కూచున్నట్టుందమ్మాయ్" అనేవారు నాతో. ఏ కచేరీలో అలాంటి చప్పుడు విన్నారో నేను అడగలేదు.

ప్రయాణం విషయం బ్యాండ్ మాస్టారు తల్లిదండ్రుల్ని పిలిచి చెప్పాడు. జూన్‌లో స్కూళ్ళు మూసెయ్యగానే బయలుదేరతారు. న్యూ మెక్సికో, టెక్సస్, ఓక్లహోమా, ఆర్కన్సా, టెనసీ మీదుగా వర్జీనియా దాకా. దారిలో ఊరూరా ఆగి వాయిస్తారు. హోటళ్ళు ఉండవు. ప్రతి ఊళ్ళోనూ అక్కడి స్కూలు వాళ్ళు పిల్లల్ని తలా ఒకరిద్దరిని తమ ఇళ్ళకు తీసుకెళ్ళి భోజనం పెట్టి పడుకోబెడతారు. ఈ మాట వినేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో, రోజుకో ఇంట్లో, పెళ్ళి కావలసిన పిల్ల!

"అమ్మా, ఎవ్రీబడీ వెళ్తున్నారు" అంది అమ్మాయి.

"ఎవ్రీబడీకి నేను అమ్మని కాదు" అన్నాను.

"నువ్వు ట్రస్ట్ చెయ్యవు నన్ను."

"నిన్ను కాదే, ఆ మిగతా వాళ్ళందర్నీ."

మావారు పేపరు దించి, "పంపిద్దాం" అన్నారు. ఆ ఒక్క ముక్క అని మళ్ళీ పేపరు ఎత్తేశారు. ఎంత సులువో ఆయనకి! రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున అమ్మాయి బ్యాండ్ యూనిఫారం బొత్తాములు కుట్టుకుంటోంది. సూదిలో దారం ఎక్కించటం చేతకాక నాలుక బయటపెట్టి తంటాలు పడుతోంది. చిన్నప్పుడు పలక మీద 'అ' దిద్దేటప్పుడూ అలాగే నాలుక బయటపెట్టేది. సూది లాక్కుని నేనే కుట్టి పెట్టాను. పంపటానికి ఒప్పుకున్నానని ఇంట్లో అందరికీ అలా తెలిసిపోయింది.

ఒప్పుకున్నాను కాని షరతు పెట్టాను. రోజూ సాయంత్రం ఏ ఊళ్ళో దిగినా, ఎవరింట్లో దిగినా, చేరానని నాకు తెలియజెయ్యాలి. అది ఎలాగ? ఊరుకాని ఊరి ఫోను అప్పట్లో ఖరీదైన వ్యవహారం. పరాయివాళ్ళింట్లో ఉండి వాళ్ళ బిల్లు మీద మాట్లాడటం మర్యాద కాదు. కలెక్ట్ కాల్ చెయ్యాలి. అంటే ఆపరేటరుకి ఫోన్ చేస్తే ఆవిడ మనింటికి కలిపి, ఖర్చు మీరు పెట్టుకుంటారా అని అడుగుతుంది. సరేనంటే మాట్లాడుకోవచ్చు. ఇందులో ఇంకో వెసులుబాటు ఉండేది. ఫలానా మనిషితోనే మాట్లాడాలి అని పేరు చెప్పి చెయ్యవచ్చు. ఆ మనిషి ఇంట్లో లేడంటే ఎవరికీ ఖర్చు లేదు. మనవాళ్ళందరికీ ఈ కిటుకు తెలుసు. లేని మనిషి పేరొకటి అనుకుని, ఆ పేరుతో ఫోనొస్తే చేరినట్టు లెక్క. ఇవతలివాళ్ళు "ఆయన లేడండీ" అని పెట్టేస్తారు. చెయ్యతగ్గ పనేనా అంటే కాదు. కాని చెయ్యని తెలుగువాళ్ళు నాకు తగల్లేదు.

పేరు ఏం పెడదామన్నప్పుడు నేనే చెప్పాను, క్షేమం అని. చిన్నప్పటినుంచీ చదివిన ప్రతి ఉత్తరమూ "ఇక్కడ మేమంతా క్షేమం" అనే మొదలయ్యేది. అమ్మాయి మంచిగా చేరినట్టు తెలియటానికి అంతకన్నా తగిన మాట ఏముంది? నాకు నేనే తెలివైనదాన్నని మురిసిపోయాను. మిస్టర్ క్షేమం ఉన్నాడా అంటే సుఖంగా చేరినట్టు. ఏదైనా ఇబ్బంది వస్తే మాత్రం నా పేరే అడగాలి, అప్పుడు ఖర్చు ఒప్పుకుని మాట్లాడతాం. ఇదీ ఏర్పాటు.

"షేమం" అంది అమ్మాయి.

"షేమం కాదు, క్షేమం. క్ష."

"అదే అంటున్నా కదా. షేమం."

బస్సు బయలుదేరిన పొద్దున స్కూలు దగ్గర తల్లులందరూ నవ్వుతూ చేతులూపుతున్నారు. నేను నవ్వలేకపోయాను. అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అరిచింది. బస్సు చప్పుడులో వినపడలేదు. ఏమందో, ఏమందో అని ఆ రోజంతా గింజుకున్నాను.

మొదటి ఫోను ఆ సాయంత్రమే వచ్చింది. అత్తగారు స్నానం చేసి, వంటింటి అలమరలో పెట్టుకున్న దేవుడి పటం ముందు దీపం వెలిగిస్తున్నారు. నేను ఒక్క గంతులో ఫోను అందుకున్నాను. ఆపరేటరు ముక్కుతో మాట్లాడింది. "కలెక్ట్ కాల్ ఫర్ మిస్టర్... మిస్టర్ షేమ్" అంది. ఆ గొంతు వెనకాల ఎవరో ఊపిరి పీల్చటం వినిపించింది. అది మా అమ్మాయి ఊపిరే. దాన్ని కన్నదాన్ని, నాకు తెలియదా! "హీ ఈజ్ నాట్ హియర్" అన్నాను. చప్పున తెగిపోయింది.

అలా మూడు నాలుగు సాయంత్రాలు గడిచాయి. నాకు ఆ ఫోను కోసమే తెల్లవారేది. మధ్యాహ్నమంతా చెయ్యాల్సిన పనులు కాలూ చెయ్యీ ఆడక అలాగే ఉండిపోయేవి. ఫోను వచ్చి, ఊపిరి వినిపించి, నేను లేడని చెప్పి పెట్టేశాక అప్పుడు ఆకలేసేది. ఒకరోజు మావారు పక్కనే ఉండి అంతా విని పకపకా నవ్వారు.

"ఏమిటా నవ్వు?" అన్నాను.

"షేమ్ అంటే సిగ్గు కదా. మా ఇంట్లో సిగ్గు లేదు అని దేశంలో ఉన్న ఆపరేటర్లందరికీ రోజూ చెబుతున్నావు."

నాకూ నవ్వొచ్చింది. అమ్మాయి వెళ్ళాక మా ఇద్దరికీ నవ్వు రావటం అదే మొదలు. దీపం దగ్గర కూచున్న అత్తగారు, ఏమిట్రా చెబితే నేనూ నవ్వుతానుగా అన్నారు. మావారు ఏర్పాటంతా విడమరిచి చెప్పారు. అత్తగారు నవ్వలేదు. ఒత్తి సరిచేస్తున్న వేలు అలాగే ఆగిపోయింది.

"అయితే రోజూ ఇది ఫోన్లో చెప్పేది క్షేమం లేదనా?"

"అది పేరమ్మా. ఉత్తుత్తి పేరు" అన్నారు మావారు.

"పేరైతే మాత్రం? అసురసంధ్య వేళ, దీపం పెట్టే వేళ, పిల్ల దూరాన ఉండగా, కన్నతల్లి నోటంట క్షేమం ఇంట్లో లేదు అని రోజూ అనిపిస్తావుట్రా! పైన తథాస్తు దేవతలుంటారు. వాళ్ళకేం తెలుసు ఇది ఉత్తుత్తిదని?"

"అత్తయ్యా, నేను ఇంగ్లీషులో అంటున్నాను" అన్నాను.

"వాళ్ళకి ఇంగ్లీషు రాదని నీకెవరు చెప్పారు?"

మావారు మళ్ళీ నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానేశారు. ఆవిడ లేచి బియ్యం డబ్బా మూత తీసి నాకు చూపించారు. "డబ్బా అడుగంటితే ఏమంటాం మనం? బియ్యం అయిపోయాయి అంటామా? నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిపోయింది అంటామా? కొండెక్కింది అంటాం. బియ్యం దగ్గరా దీపం దగ్గరా పడే జాగ్రత్త పిల్ల దగ్గర అక్కర్లేదుటమ్మాయ్?"

నేను చదువుకున్నదాన్ని. ఇలాంటివి పట్టించుకోనని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ మాట వినగానే మాత్రం ఒళ్ళు జలదరించింది. నిజమే, లేదు లేదు అని నేనే అన్నాను, రోజూ, నా నోటితో. పేరు పెట్టేటప్పుడు అమ్మాయి అడగబోయేదాన్ని గురించే ఆలోచించాను కాని, నేను చెప్పాల్సిన జవాబు సంగతి నాకు తట్టనే లేదు.

మర్నాడు ఏం చెప్పాలన్నదాని మీద ముగ్గురం కూచుని చర్చించుకున్నాం. బయటికెళ్ళాడు అందామన్నాను. "క్షేమం ఇల్లొదిలి బయటికెళ్ళటం ఇంకా నయమా?" అన్నారు అత్తగారు. నిద్రపోతున్నాడు అందామంటే, నిద్రపోకూడదు అన్నారు. స్నానం చేస్తున్నాడు అంటే ఆపరేటరు, ఆగుతాను పిలవండి అంటుందని మావారన్నారు. "అసలు క్షేమం మగాడేమిట్రా?" అన్నారు అత్తగారు ఉన్నట్టుండి. చివరికి ఆవిడే తేల్చారు. రేపు చెయ్యమను, రేపు ఉంటుందని చెప్పు అన్నారు. అందులో లేదు అనే మాట లేదు, పైగా రేపటికి కూడా భరోసా ఉంది.

అనుకున్నట్టే మర్నాడు ఆపరేటరు అడగగానే, "ప్లీజ్ కాల్ టుమారో. టుమారో హి విల్ బి హియర్" అన్నాను. ఆ వెనకాల చిన్న నవ్వు వినిపించింది, కిసుక్కుమని. మా అమ్మాయి నవ్వు. అత్తగారికి చెబితే మొహం విప్పారింది. అప్పటికి వాళ్ళు ఓక్లహోమాలో దిగి ఉంటారు.

ఆ మర్నాడు సాయంత్రం ఫోను రాలేదు.

దీపం పెట్టే వేళ వచ్చింది, దాటిపోయింది. ఆలస్యమై ఉంటుందన్నారు మావారు. భోజనాల వేళా దాటింది. టీవీ పెడితే దేశం పటం చూపించి ఓక్లహోమా మీద ఎర్రగా గీతలు గీసి, టోర్నడోలు, సుడిగాలులు అంటున్నాడు వార్తలు చెప్పేవాడు. ఊళ్ళ పేర్లు చదువుతున్నాడు. ఆ రోజు వాళ్ళు ఏ ఊళ్ళో వాయించాలో మాకు తెలుసు. ఆ పేరూ చదివాడు.

మావారు బ్యాండ్ మాస్టారింటికి ఫోన్ చేశారు. ఆయన భార్య, తనకూ ఏ కబురూ లేదు, ఆ ఊరికి లైన్లు కలవటం లేదు, కంగారు పడకండి అంది. పాపం మంచి మనిషే. కంగారు పడకండి అన్నప్పుడు ఆవిడ గొంతే వణికింది. ఆపరేటర్లు కూడా అదే చెప్పారు. లైన్లు లేవు.

ఆ రాత్రి ఎలా గడిచిందో రాయటం నా వల్ల కాదు. మావారి మీద అరిచాను, పంపిద్దాం అన్నది మీరేనని. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అత్తగారి వైపు తిరిగి, "మీరు చెప్పినట్టే మాట మార్చాను, చూశారా ఏమయిందో" అన్నాను. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడకు ఎదురు చెప్పి ఎరగను. ఆవిడ దీపంలో నూనె తగ్గినప్పుడల్లా పోస్తూ అక్కడే కూచున్నారు.

తెల్లవారాక మావారు ఇంకేమైనా తెలుస్తుందేమోనని స్కూలుకి వెళ్ళారు. నేను పెరట్లోకి వెళ్ళాను. అంతకుముందు రోజు అత్తగారు దుప్పటి మీద పెట్టిన పిండి వడియాలు అలాగే ఉన్నాయి, సాయంత్రం తీసే ధ్యాస ఎవరికీ లేక. ఆరిజోనా ఎండంటే ఆవిడకు మహా ముచ్చట, ఒక్క పూటలో గలగలలాడతాయని. నేను దుప్పటి పక్కన చతికిలబడి ఒక్కొక్క వడియం ఊడదీయటం మొదలుపెట్టాను. ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేట్టుంది.

లోపల ఫోను మోగింది.

మా అత్తగారు ఫోను ముట్టుకునేవారు కాదు. అటునుంచి ఇంగ్లీషు వస్తుందని భయం. ఎన్నిసార్లు మోగినా, "అమ్మాయ్, నీకే" అని కేకేసేవారు, ఎవరికని తెలిసినట్టు. నేను లేచి పరుగెత్తబోతే దుప్పటి కాళ్ళకు చుట్టుకుని పడ్డాను. లేచేలోపు మోగటం ఆగిపోయింది. అప్పుడు కిటికీలోంచి అత్తగారి గొంతు వినిపించింది, సంతలో మనిషిని పిలిచినట్టు గట్టిగా.

"ఉంది! ఉందమ్మా! క్షేమం ఉంది! యెస్! యెస్!"

నేను లోపలికి వెళ్ళేసరికి ఆవిడ రిసీవరు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నారు. అటు ఆపరేటరు చెప్పినదాంట్లో ఆవిడకు తెలిసింది ఒక్క ముక్కే. ఆ ముక్క తెగిపోకూడదని, తనకు వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట పట్టుకుని అరుస్తున్నారు. నాకు రిసీవరు ఇచ్చేశారు. అందులో మా అమ్మాయి గొంతు కంగారుగా అంటోంది.

"నాయనమ్మా? ఎందుకు యెస్ అన్నావు? వాట్ హ్యాపెండ్? అమ్మకి ఏమైంది? అమ్మ ఎక్కడ?"

"నేనే. నేనే మాట్లాడుతున్నాను. నువ్వెలా ఉన్నావు తల్లీ?"

"ఐ యామ్ ఫైన్. నేను షేమం అనే అడిగాను కదా! మీరు ఎందుకు కాల్ తీసుకున్నారు? నాన్నకి ఏమైనా అయ్యిందా? నిజం చెప్పు అమ్మా."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత అర్థమయింది. దాని లెక్క ప్రకారం, తను క్షేమం అని అడిగితే మేము లేదనాలి. లేదంటే ఇంట్లో అంతా బాగున్నట్టు. ఉంది అనేసరికి ఇక్కడ మాకేదో ముంచుకొచ్చిందని దాని ప్రాణాలు ఎగిరిపోయాయి. మేమిక్కడ దాని కోసం చస్తూ బతుకుతూ ఉంటే, అదక్కడ మా కోసం భయపడుతోంది.

"ఏమీ కాలేదమ్మా. నాన్న నీ కోసమే స్కూలుకి వెళ్ళారు. టీవీలో తుఫాను చూసి..."

అప్పుడు అది ఏడ్చింది. అంతసేపూ బింకంగా ఉన్న పిల్ల ఒక్కసారిగా భోరుమంది. తుఫాను వస్తోందని సైరన్ మోగితే, అది ఉన్న ఇంటివాళ్ళు దాన్ని నేలమాళిగలోకి తీసుకెళ్ళారట. రాత్రంతా అక్కడే. ఆ ఇంటావిడ దానికి తన స్వెట్టరు ఇచ్చి, తలుపుకు దగ్గరగా తాను కూచుని, దీన్ని లోపలికి కూచోబెట్టిందట. పొద్దున పైకొస్తే ఇల్లు ఉంది గాని చెట్లన్నీ పడిపోయి ఉన్నాయట, లైన్లు లేవట. పక్క ఊరి దాకా కారులో తీసుకొచ్చి ఫోన్ చేయిస్తోందట. ముక్కూ మొహం తెలియని వాళ్ళంటూ నేను తిట్టుకున్నది ఆవిడనే.

"పిల్లలందరూ బాగున్నారా?"

"అందరూ ఓకే. అమ్మా... నువ్వు రోజూ నాట్ హియర్ అని పెట్టేస్తావు కదా. ఆ ఒక్కటి వినటానికి నేను డే అంతా వెయిట్ చేసేదాన్ని. నీ వాయిస్ కోసం. నువ్వు చాలా ఫాస్ట్‌గా అనేసేదానివి. మొన్న టుమారో అన్నావు కదా, అది కొంచెం లాంగ్‌గా ఉంది. బాగుంది."

దాని ఊపిరి కోసం నేను చెవి రిక్కించినట్టే అదీ అటు చెవి రిక్కించేది. మధ్యన ఆ ముక్కుతో మాట్లాడే ఆపరేటరు. నేను రోజూ ఒక్క ముక్కలో తెంచేసేదాన్ని, ఏర్పాటు చెడకుండా.

"స్కూలు దగ్గర బస్సులోంచి ఏమని అరిచావే?" అన్నాను. ఆ సమయంలో అడగవలసిన ప్రశ్న కాదు గాని అదే వచ్చింది.

"ఆవకాయ మర్చిపోయాను అన్నాను."

ఏడుస్తూనే నవ్వాను. అత్తగారు నా భుజం పట్టుకుని నిలబడి, ఏమంటోంది, ఏమంటోంది అని అడుగుతున్నారు. రిసీవరు ఆవిడ చెవి దగ్గర పెట్టాను. "తల్లీ, ఇంట్లో ఉన్నదాన్ని లేదని ఎలా చెప్పను? ఉందన్నాను. తప్పయితే మీ నాన్నతో నేను చెబుతాలే" అన్నారు. ఆ తరవాత నేను ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, రాత్రి మాటలు ఆవిడకు గుర్తే లేనట్టు, "వడియాలు తీశావా?" అన్నారు.

మిగిలిన ప్రయాణమంతా ఆపరేటరు అడిగినప్పుడల్లా ఉందనే చెప్పాం. రెండు నిమిషాలు మాట్లాడుకునేవాళ్ళం. తిన్నావా, పడుకున్నావా, ఇంతే. మావారు బిల్లు మాట ఎత్తలేదు.

ఆ శీతాకాలం రాకముందే అత్తగారు ఇండియా వెళ్ళిపోయారు. ఆ తరవాత రెండేళ్ళకు అమ్మాయి నార్త్ కరోలినాలో కాలేజీలో చేరింది. అంతదూరం మళ్ళీ పంపగలనని అనుకోలేదు, పంపాను. దానికి గదిలో సొంత ఫోను ఉండేది. ఆదివారం ఆదివారం తనే చేసేది. ఆపరేటరుతో పని లేదు, దొంగ పేర్లతో పని లేదు.

మొదటి సెమిస్టర్ మధ్యలో అత్తగారు పోయారన్న కబురు వచ్చింది. మావారు ఆ మధ్యాహ్నమే విమానం ఎక్కారు. కబురు రాగానే ఆ పొద్దున అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "ఓకే. ఓకే అమ్మా" అంది. క్లాసుకి టైమవుతోంది అంది. అంతే, పెట్టేసింది. నాయనమ్మ ఒళ్ళో పడుకుని కబుర్లు చెప్పించుకున్న పిల్ల, ఇంత రాయిలా ఎలా అయిందా అని మనసు కష్టపెట్టుకున్నాను.

సాయంత్రమయింది. మైల కనక దీపం పెట్టకూడదు. ఆవిడ అమర్చిపెట్టి వెళ్ళిన అలమర తలుపులు వేసి ఉన్నాయి. ఇంట్లో నేనొక్కదాన్నే. లైటు వెయ్యాలని కూడా తోచక కూచున్నాను. అప్పుడు ఫోను మోగింది.

"కలెక్ట్ కాల్ ఫర్ మిస్టర్ షేమ్" అంది ఆపరేటరు. ఈవిడ గొంతు వేరే. పలికిన తీరు మాత్రం అదే.

ఆ పూట మా ఇంట్లో ఎక్కడుంది క్షేమం? ఉందని చెప్పటం నేర్పిన మనిషే పోయింది, దీపం లేదు, ఆయన లేరు. నిజం చెప్పాలంటే లేదనే చెప్పాలి. ఆపరేటరు మళ్ళీ అడిగింది. ఆ గొంతు వెనకాల ఊపిరి వినిపించింది. అడ్డుపడుతూ, ఆగి ఆగి, నేనేమంటానా అని కాచుకుని ఉంది.

"ఉంది" అన్నాను.

"ఎక్స్‌క్యూజ్ మీ?"

"యెస్. షీ ఈజ్ హియర్. ప్లీజ్ కనెక్ట్."

అమ్మాయి చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుపు తగ్గాక అన్నం తిన్నావా అని అడిగాను. పొద్దుటినుంచీ తినలేదంది. ఏదో ఒకటి తిని మళ్ళీ ఫోన్ చెయ్యమన్నాను.

"ఎవరు కావాలని అడగను?" అంది.

"ఆవిణ్ణే అడుగు" అన్నాను. "ఇంట్లోనే ఉంటుంది."